పెళ్లి డీజే

వివాహ వేడుకల్లో పాటలను ఎంచి, తెగిపోకుండా ఒకదానిలోంచి మరొకదానిలోకి నడిపి, ఆ చోటికి తగిన శబ్దంతో వినిపించే వ్యక్తి పెళ్లి డీజే. చాలాచోట్ల మైకు మీద ప్రకటనలు, రంగు దీపాలు, తెర మీద వీడియోలు కూడా ఆ వ్యక్తి చేతిలోనే ఉంటాయి. క్లబ్బులో వాయించే డీజే దగ్గరికి ఆ పాటలు నచ్చినవాళ్లే వెతుక్కుంటూ వస్తారు. పెళ్లికి వచ్చేవాళ్లు వధూవరుల కోసం వస్తారు. వాళ్లలో చంటిబిడ్డ తల్లి ఉంటుంది, వినికిడి యంత్రం పెట్టుకున్న తాతగారు ఉంటారు, కాలేజీ స్నేహితుల గుంపు ఉంటుంది, పట్టుచీర కొంగు దోపుకుని ఆడటానికి సిద్ధంగా ఉన్న మేనత్త ఉంటుంది. ఇంతమందికీ ఒకే రాత్రి, ఒకే బాక్సుల మీద పాట వినిపించాలి. అందుకే ఈ వృత్తిలో ఏ పాట వేయాలో తెలియడం ఎంత అవసరమో, ఎప్పుడు ఆపాలో తెలియడం అంతకన్నా ఎక్కువ అవసరం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పెళ్లిళ్లలో ఈ పని ఎలా సాగుతుందో, దానికి ఏ నేర్పు కావాలో ఈ వ్యాసం ప్రధానంగా వివరిస్తుంది.

మైక్ సెట్టు నుంచి ల్యాప్‌టాప్ దాకా

తెలుగు ఊళ్లలో పెళ్లికి పాట డీజేతో రాలేదు. సన్నాయి, డోలు మొదటి నుంచీ తంతులో భాగం. ఊరేగింపుకు డప్పులు ఉండేవి, తర్వాతి కాలంలో బ్యాండు మేళాలు వచ్చాయి. హైదరాబాద్ పాతబస్తీ పెళ్లిళ్లలో మర్ఫా వాయిద్యం ఉంది. నిజాం కొలువులో పనిచేసిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు తెచ్చిన ఆ దరువు మతాల హద్దు దాటి నగరంలోని చాలా ఊరేగింపులకు పాకింది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో వీటి పక్కన మైక్ సెట్టు చేరింది. చెట్టు కొమ్మకో డాబా పిట్టగోడకో కట్టిన ఇనప బూర, ఒక ఆంప్లిఫయర్, ఒక గ్రామఫోను, పెట్టెడు రికార్డులు ఉంటే చాలు, పెళ్లివారి ఇల్లు ఎక్కడో ఊరంతటికీ తెలిసిపోయేది. తెల్లవారుజామున భక్తిపాటతో మొదలుపెట్టి, ఎండెక్కాక సినిమా పాటల్లోకి దిగి, ముహూర్తం వేళకు మళ్లీ మర్యాదగా తగ్గే పద్ధతి ఆ మైక్ సెట్టు కుర్రాళ్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. 1961లో వచ్చిన ‘సీతారామ కళ్యాణం’ సినిమా కోసం సముద్రాల రాఘవాచార్య రాయగా గాలి పెంచల నరసింహారావు స్వరపరిచిన కల్యాణ గీతం ఆ బూరల మీదుగానే ఊరూరా పెళ్లి పాటగా స్థిరపడింది. ఇవాళ్టి డీజేలు కూడా దాన్ని తమ దగ్గర ఉంచుకుంటారు.

పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేకుండా, రెండు రికార్డుల దరువును కలిపి నడిపే విద్య 1960ల చివర న్యూయార్క్ క్లబ్బుల్లో రూపుదిద్దుకుంది. ఫ్రాన్సిస్ గ్రాసో అనే డీజే దానికి తొలి ప్రసిద్ధ సాధకుడు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్, 2001లో వచ్చిన పయొనీర్ సీడీజే-1000 ఆ విద్యను పరికరాల పరంగా నిలబెట్టాయి. ఆ తర్వాత ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్లు, చవక కంట్రోలర్లు వచ్చాక ఇది జిల్లా పట్టణాలకు, అక్కడి నుంచి మండల కేంద్రాలకు చేరింది. మైక్ సెట్టు దుకాణాలు చాలావరకు డీజే సెట్టు దుకాణాలయ్యాయి. 2022లో విడుదలైన ‘డీజే టిల్లు’ సినిమా కథానాయకుడు హైదరాబాద్ కుర్రాడు, వృత్తి డీజే. అప్పటికే ఆ పాత్ర ప్రతి బస్తీకీ తెలిసినది కాబట్టి ప్రేక్షకులకు దాన్ని పరిచయం చేయాల్సిన పని పడలేదు.

తంతు తెలియాలి

పెళ్లి డీజేకు మొదటి పాఠ్యపుస్తకం శుభలేఖ. ముహూర్తం ఎప్పుడు, ఏ వైపు వారి పద్ధతి, విందు ఎప్పుడు, రిసెప్షన్ పెళ్లికి ముందా తర్వాతా అన్నవి తెలియకుండా పాటల జాబితా తయారుచేయడం వ్యర్థం. కోస్తా జిల్లాల్లో రాత్రి ముహూర్తాలు ఎక్కువ. తెలంగాణలో పగటి పెళ్లిళ్లు ఎక్కువ, అందువల్ల సాయంత్రం బరాత్‌కు సమయం మిగులుతుంది. ఉత్తరాదిలో బరాత్ అంటే వరుడు పెళ్లికి తరలివచ్చే ఊరేగింపు కాగా, తెలంగాణలో సాధారణంగా పెళ్లయ్యాక వధూవరులను వరుడి ఇంటికి తీసుకెళ్లే ఊరేగింపు. ఈ తేడా పాటల్లోనూ కనిపిస్తుంది. తరలివచ్చే ఊరేగింపులో ఉత్కంఠ ఉంటే, తెలంగాణ బరాత్‌లో పని ముగిసిన సంబరం, పుట్టిల్లు వదిలే బెంగ కలిసే ఉంటాయి.

నలుగు, మంగళస్నానాలు ఇప్పుడు చాలా ఇళ్లలో హల్దీ పేరుతో పగటిపూట ఆరుబయట జరుగుతున్నాయి. పసుపు నీళ్లు చల్లుకునే చోట కరెంటు తీగలు ఉంటాయన్న సంగతి డీజే ముందే ఆలోచించాలి. బాక్సులు ఎత్తు మీద, తీగలు జనం నడవని వైపు, ప్లగ్గులు నీళ్లు చేరని చోట ఉండాలి. మెహందీ పెట్టించుకునేవాళ్లు గంటల తరబడి కదలకుండా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. అక్కడ పాట మాటకు అడ్డురాకూడదు.

సంగీత్ తెలుగువారికి ఉత్తరాది నుంచి ఈమధ్య వచ్చిన వేడుక. వధూవరుల అన్నదమ్ములు, వదినలు, పిన్నిలు నెలరోజులుగా సాధన చేసిన నాట్యాలు ఆ రాత్రి వేదికెక్కుతాయి. డీజేకు అసలు పరీక్ష ఇక్కడే. ఒక్కో బృందం తమ పాటను ముక్కలు కోసి, అతికి, చివరి నిమిషంలో వాట్సాప్‌లో పంపుతుంది. ఒక ఫైలు చప్పుడు పెద్దది, మరొకదానిది పీల, మూడోదానికి మొదట్లో ఐదు సెకన్ల నిశ్శబ్దం. వీటన్నిటినీ ముందే విని, శబ్దాన్ని సరిచేసి, వరుస సంఖ్య వేసి పెట్టుకున్న డీజే ఉన్న సంగీత్ ఒకలా నడుస్తుంది, లేనిది ఇంకోలా నడుస్తుంది. పిన్ని వేదిక మీద చేయి ఎత్తి నిలబడి ఉంటే పాట రాకపోవడం కన్నా ఆమెను చిన్నబుచ్చే విషయం ఆ రాత్రి ఇంకొకటి ఉండదు.

ఇక పెళ్లి. జీలకర్ర–బెల్లం పెట్టే ఘడియలోనూ, తాళి కట్టేటప్పుడూ మోగాల్సింది గట్టిమేళం. అది సన్నాయి, డోలు వాయించే కళాకారుల సొంత క్షణం. దాని మీద సినిమా నేపథ్య సంగీతం కురిపించడం ఈమధ్య కొన్ని మండపాల్లో కనిపిస్తోంది. అది తప్పు. మేళగాడి చేతి వేగం పురోహితుడి గొంతునూ వధువు తండ్రి కన్నీళ్లనూ చూస్తూ నడుస్తుంది. రికార్డుకు ఆ చూపు లేదు. మంచి డీజే ముహూర్తానికి చాలాముందే తన శబ్దాన్ని పూర్తిగా దించేసి, పురోహితుడి మైకు, మేళం మైకు మాత్రం తెరిచి ఉంచుతాడు. పురోహితుడి మంత్రం వెనక ఉన్నవాళ్లకూ స్పష్టంగా వినబడేలా చూడటం కూడా డీజే బాధ్యతే. తలంబ్రాల దగ్గర నవ్వులు మొదలవుతాయి కాబట్టి అప్పుడు సరదా సంగీతం వేయవచ్చు, అదీ పురోహితుడు తల ఊపాకే. అప్పగింతలకు ఏడుపు పాట వేయడం చాలామందికి అలవాటు. ఆ ఇంట్లో వాళ్లకు ఏడవడానికి పాట సాయం అక్కర్లేదు.

పాటల ఎంపిక

పెళ్లికి రెండు మూడు వారాల ముందు ఇరువైపుల వారితో ఒక సమావేశం జరగాలి. తప్పక వేయాల్సిన పాటల గురించి అందరూ అడుగుతారు. వేయకూడని పాటల గురించి అడిగేవాళ్లు తక్కువ. ఇంట్లో ఈమధ్య పోయినవాళ్లు ఉంటే వాళ్లకు ఇష్టమైన పాట అకస్మాత్తుగా మోగితే మండపం మౌనంలో మునిగిపోతుంది. విఫల ప్రేమ పాటకు దరువు ఎంత బాగున్నా అది రిసెప్షన్ పాట కాదు. ఊపు చూసి వేసే కొన్ని ఐటెం పాటల మాటలు పెద్దల ముందు ఇబ్బంది పెడతాయి. తెలుగు జనం పాటలోని మాటలు వింటారు. తెలియని భాషలో పాటైతే దరువు ఒక్కటే చూసుకోవచ్చేమో గానీ తెలుగు పాటకు ప్రతి చరణమూ తెలిసి ఉండాలి.

వధువుది కరీంనగర్, వరుడిది భీమవరం అనుకుంటే డీజే రెండు ఊళ్లకూ సమాధానం చెప్పుకోవాలి. ఒక వైపు తెలంగాణ జానపదాలు, తీన్మార్ మిక్సులు కావాలి. మరో వైపు పాత మెలోడీలు, గోదావరి జిల్లాల సరదా పాటలు అడుగుతారు. ఉత్తరాంధ్ర చుట్టాలుంటే శ్రీకాకుళం జానపదాలు, లంబాడా కుటుంబాల పెళ్లిళ్లలో గోర్ బోలి పాటలు తప్పనిసరి. ఏ ఒక్క వైపు వాళ్లూ చాలాసేపు కుర్చీలకే పరిమితం కాకుండా చూడటం పెద్ద నేర్పు. పాట సొంతదైనప్పుడు లేచి ఆడేవాళ్లు, పరాయిదైనప్పుడు కనీసం ఆ పాటను గుర్తుపడితే కుర్చీ వదలరు గానీ చప్పట్లు కొడతారు. రెండిళ్ల పరిచయం కొన్నిసార్లు అక్కడ మొదలవుతుంది.

పాటల ఆయువును ఇప్పుడు సినిమా హాలు కన్నా ఫోను ఎక్కువగా నిర్ణయిస్తోంది. 2021లో మోహన భోగరాజు పాడిన ప్రైవేటు పాట ‘బుల్లెట్టు బండి’కి, అదే ఏడాది ఆగస్టులో మంచిర్యాల ప్రాంతపు పెళ్లికూతురు తన బరాత్‌లో వరుడి ముందు చేసిన నాట్యం వీడియోగా పాకిపోయాక, పెళ్లిళ్లలో విపరీతమైన గిరాకీ వచ్చింది. పెళ్లికూతురు తల వంచుకుని కూర్చోవాలన్న పాత అలవాటును ఆ వీడియో ఎంత కదిలించిందో ఆ తర్వాతి బరాత్‌లు చూసినవాళ్లకు తెలుసు. 2023లో ఆస్కార్ గెలిచిన ‘నాటు నాటు’ కూడా డీజేకు ఒక పాఠమే. ఆ వేగంలో రెండు నిమిషాలు ఆడినవాళ్లకు ఊపిరి అందదు. దాని వెంటనే మరో వేగం పాట వేస్తే సగం మంది నీళ్ల కోసం వెళ్లి తిరిగి రారు. దాని తర్వాత నెమ్మదైన, అందరూ కలిసి పాడుకునే పాట రావాలి.

వేదిక ముందు ఆడేవాళ్లను చూడటం సులువు. అంచుల్లో నిలబడినవాళ్లను చూడటం అభ్యాసం మీద వస్తుంది. కుర్చీలో కూర్చుని కాలు ఆడిస్తున్న పెద్దాయన, స్తంభం దగ్గర పెదవులు కదుపుతున్న ఆవిడ తర్వాతి పాటకు లేవగలవాళ్లు. పెద్దవాళ్లు భోజనం చేసి త్వరగా వెళ్లిపోతారు కాబట్టి ఘంటసాల, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కాలపు పాటలు మొదటి గంటలోనే రావాలి. హిట్లన్నీ అప్పుడే ఖర్చుచేసుకుంటే చివరి గంటకు చేతిలో ఏమీ మిగలదు.

అభిమాన హీరో పాట, రాజకీయ పార్టీ పాట అడిగే గుంపులతో ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. ఒక పార్టీ పాట మోగితే రెండో పార్టీ వాళ్లు తమది అడుగుతారు. తాగి ఉన్న గుంపుల మధ్య అది కొట్లాటకు దారితీస్తుంది. అనుభవం ఉన్న డీజేలు ఇలాంటి పాటలు వేయబోమని బయానా తీసుకునే రోజే పెళ్లి పెద్దలకు చెప్పేస్తారు. అప్పుడు ఎవరు వచ్చి అడిగినా, ఇంటి పెద్దాయన మాట అని చెప్పడానికి వీలుంటుంది.

తీన్మార్ లెక్క

రెండు పాటలను కలపడంలో మొదటి పని వేగం సరిపోల్చడం. నిమిషానికి 100 దెబ్బల పాట వెనక 104 దెబ్బల పాట రావాలంటే మొదటిదాన్ని 4 శాతం పెంచాలి, లేదా రెండోదాన్ని దాదాపు అంతే తగ్గించాలి. శ్రుతి మారకుండా వేగం మార్చే సౌకర్యం ఇప్పుడు దాదాపు అన్ని డీజే సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. శ్రుతి కుదరని రెండు పాటలను ఎక్కువసేపు ఒకదాని మీద ఒకటి ఉంచకూడదు. సంగీతం నేర్చుకోని చెవికీ ఆ అపశ్రుతి తెలుస్తుంది.

తెలుగు డీజేకు అదనంగా ఒక కష్టం ఉంది. తీన్మార్ దరువు తిశ్ర గతిలో నడుస్తుంది, ప్రతి దెబ్బ మూడుగా విడుతుంది. సినిమా డాన్సు పాటలు, హౌస్ సంగీతం ఎక్కువగా చతురశ్రంలో, దెబ్బ నాలుగుగా విడుతూ నడుస్తాయి. యంత్రం రెండింటికీ ఒకే వేగం చూపించవచ్చు, పెద్ద దెబ్బలు కలవవచ్చు. కానీ మధ్యలోని చిన్న దెబ్బలు ఒకదానికొకటి తగులుకుని గజిబిజి అవుతాయి. వేగాలను తానే కలిపే సింక్ బటన్‌ను నమ్ముకున్న కొత్త డీజేలు ఇక్కడే దొరికిపోతారు. నేర్పరులు పాత పాటను ఒక ప్రతిధ్వనిలో వదిలేసి ఒక్క దెబ్బకు తీన్మార్‌లోకి దూకుతారు, లేదా మధ్యలో డప్పు ఒక్కటే నాలుగు ఆవర్తాలు వాయింపజేసి కాళ్లకు కొత్త నడక అలవాటు చేసి అప్పుడు పాట వదులుతారు.

పాత పాటలతో ఇంకో చిక్కు. వాద్యబృందం అంతా కలిసి కూర్చుని వాయించిన కాలపు రికార్డింగుల్లో వేగం యంత్రంలా ఒక్కలా ఉండదు, పల్లవికీ చరణానికీ కొద్దిగా జరుగుతుంది. వాటిని సాఫ్ట్‌వేర్ లెక్కకు వదిలేయకుండా చెవితో పట్టుకోవాలి, లేదా కలపకుండా మొదటి నుంచి హాయిగా వేయాలి. పాత పాటను ప్రేమించేవాళ్లు దాని కింద కొత్త డ్రమ్ములు కోరుకోరు.

మేళంలో నిజమైన డప్పు కళాకారులు ఉన్నప్పుడు డీజే తన దరువును పక్కకు తీసి వాళ్లకు దారి ఇవ్వాలి. డీజే బండ్లు వచ్చాక డప్పు, బ్యాండు కళాకారులకు పెళ్లి పని తగ్గింది. తరతరాలుగా ఆ దరువును మోసిన చేతుల నుంచే డీజేలు తమ తీన్మార్ ముక్కలు తీసుకున్నారు. దరువు వాళ్లకు వదిలి, డీజే శబ్దం మాత్రం చూసుకునే జంట కచేరీలు కూడా ఉన్నాయి. ఇవి ఇంకా పెరగాలి.

శబ్దం

పెద్ద చప్పుడే మంచి డీజే అన్న నమ్మకం ఈ వృత్తికి పట్టిన పెద్ద జబ్బు. ఆరుబయట ఒక బాక్సు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర 110 ఉన్నది ఎనిమిది మీటర్ల దగ్గర 92. కాబట్టి వెనక వరసకు వినబడాలని ముందున్న రెండు బాక్సులనే పెంచితే ముందు వరస చెవులు దెబ్బతింటాయి. హాలు పొడవునా చిన్న బాక్సులు పెట్టి తక్కువ శబ్దంతో వాయించడం సరైన పద్ధతి. అయితే శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లే ప్రయాణిస్తుంది. ముప్పై నాలుగు మీటర్ల వెనకున్న బాక్సు దగ్గరికి ముందు నుంచి వచ్చే శబ్దం సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. వెనక బాక్సులకు ఆ మేరకు ఆలస్యం పెట్టకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

ఆంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు చప్పుడుగా తోచాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. మరో రెండు బాక్సులు తెచ్చి గొప్ప తేడా వస్తుందనుకునే పెళ్లి పెద్దలకు ఈ లెక్క చెప్పగలగాలి. మిక్సర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంటే శబ్దం పగులుతోందని అర్థం. అక్కడ ఇంకా పెంచితే ముందుగా కాలిపోయేవి టాప్ బాక్సుల్లోని చిన్న స్పీకర్లు. గచ్చు నేల, రేకు కప్పు, గాజు తలుపులున్న కల్యాణ మండపాల్లో శబ్దం గోడల మధ్య తిరుగుతూ మాటను మింగేస్తుంది. అక్కడ బేస్ తగ్గించి, బాక్సుల ముఖాలను గోడల వైపు కాకుండా జనం వైపు తిప్పాలి. భోజనాల హాలు వైపు అసలు తిప్పకూడదు.

అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు చెవికి హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం వినోద వేదికల్లో పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదంటోంది. అతిథి రెండు గంటలుండి వెళ్తాడు. డీజే, అతని సహాయకులు సీజనంతా ఆ శబ్దంలోనే ఉంటారు. చెవిలో రక్షణ బిరడాలు పెట్టుకోని డీజే తన పనిముట్లలో అన్నిటికన్నా విలువైనదాన్ని తానే పాడుచేసుకుంటున్నాడు.

పరికరాల్లో ప్రతిదానికీ రెండోది ఉండాలి: పాటలున్న రెండు పెన్‌డ్రైవులు, రెండు మైకులు, అదనపు తీగలు, ల్యాప్‌టాప్ ఆగిపోతే వెంటనే పాట అందుకునే ఫోను. కార్డ్‌లెస్ మైకుకు ప్రతి వేడుకకూ కొత్త బ్యాటరీలు వేయాలి. ఇంటర్నెట్ నుంచి అప్పటికప్పుడు దించిన నాసిరకం ఫైలు ఫోనులో బాగానే ఉంటుంది గానీ పెద్ద బాక్సుల మీద దాని పేదరికం బయటపడుతుంది.

బండి మీద బాక్సులు

బరాత్‌లో డీసీఎం వాహనం మీద బాక్సుల గోడ, వెనక జనరేటర్, పైన షార్పీ లైట్లు ఉంటాయి. ఇక్కడ డీజే బాధ్యత సంగీతంతో ఆగదు. దారి ముందే నడిచి చూడాలి. తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయి, ఆసుపత్రి ఎక్కడుంది, మలుపులో బండి తిరుగుతుందా అన్నవి పగటి వెలుగులో చూసుకోవాలి. 2024 ఆగస్టులో బీహార్‌లోని హాజీపూర్ దగ్గర కావడి యాత్రికుల డీజే బండి 11 వేల వోల్టుల తీగకు తగిలి పలువురు చనిపోయారు. బాక్సుల మీద ఎవరూ ఎక్కి ఆడకూడదు, బండి ఎత్తు తీగలకు చాలా కింద ఉండాలి, జనరేటర్‌కు ఎర్తింగ్ చేయాలి. బండి కదులుతున్నప్పుడు చక్రాలకూ పిల్లలకూ మధ్య తాడు పట్టుకుని ఇద్దరు మనుషులు నడవాలి. అంబులెన్సు వస్తే ఎవరూ చెప్పకముందే పాట ఆపి, మైకులో దారి అడగాలి.

హాల్లోపల కోల్డ్ పైరో మెరుపులు, లో ఫాగ్ పొగ కూడా డీజే బృందమే చూసుకుంటున్న చోట్ల నిప్పు జాగ్రత్త తప్పదు. 2023 సెప్టెంబరులో ఇరాక్‌లోని ఖరఖోష్ పెళ్లి హాల్లో వధూవరుల నాట్యం సమయంలో వెలిగించిన మెరుపుల నుంచి పైకప్పు అలంకరణ అంటుకుని వంద మందికి పైగా చనిపోయారు. మన మండపాల్లో పైనుంచి వేలాడేది గుడ్డ, థర్మాకోల్, ప్లాస్టిక్ పూలు. వాటి కింద మెరుపులు వద్దని డెకరేషన్ వాళ్లతో, వీడియో వాళ్లతో గట్టిగా చెప్పే ధైర్యం ఉండాలి. పొగ కోసం వాడే డ్రై ఐస్ నుంచి వెలువడేది కార్బన్ డయాక్సైడ్, గాలి కన్నా బరువైనది. మూసిన గదిలో అది నేల దగ్గర, అంటే పిల్లల ఎత్తులో, పేరుకుంటుంది.

చట్టం

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. మూసిన బాంక్వెట్ హాళ్ల వంటి చోట్ల లోపల వినియోగానికి మినహాయింపు ఉంది. నివాస ప్రాంతాల పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాల్లో ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రాలకు ఉంది. 2005 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఈ నిబంధనలకు బలం చేకూర్చింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండును నిషేధించారు. నగరంలో పనిచేసేవాళ్లు అనుమతి విషయంలో స్థానిక పోలీస్ స్టేషన్‌ను ముందే కలవడం ఇప్పుడు తప్పనిసరి అలవాటు కావాలి. రాత్రి పది గంటలకు ఆపాల్సి వస్తుందని పెళ్లివారికి పది నిమిషాల ముందు కాదు, ఒప్పందం రోజే చెప్పాలి. చివరి పాట తొమ్మిది యాభైకి వచ్చేలా రాత్రిని అమర్చుకుంటే ఆపడం ముగింపులా ఉంటుంది, గొడవలా ఉండదు.

పాటల హక్కుల సంగతి వేరు. 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) మతపరమైన వేడుకలకు మినహాయింపు ఇస్తూ, పెళ్లి ఊరేగింపునూ పెళ్లికి సంబంధించిన ఇతర సామాజిక వేడుకలనూ అందులో చేర్చింది. కేంద్రం 2023 జూలైలో ఇదే సంగతిని ఒక ప్రకటనలో గుర్తుచేసింది. అయినా హోటళ్లు లైసెన్సు అడుగుతూనే ఉన్నాయి. గోవా ప్రభుత్వం 2024 జనవరిలో ఇచ్చిన ఇలాంటి సర్క్యులర్‌ను ఆగస్టులో బొంబాయి హైకోర్టు గోవా బెంచి కొట్టేసింది. కాబట్టి హోటల్ వేడుకల్లో లైసెన్సు రుసుము అడిగితే ఎవరు కట్టాలన్నది ఒప్పంద పత్రంలో రాసుకోవాలి.

మైకు

యాంకర్ లేని పెళ్లిలో మైకు డీజేదే. ఇంటిపేర్లు, వధూవరుల తల్లిదండ్రుల పేర్లు ముందే రాసుకుని పైకి చదివి సరిచూసుకోవాలి. గారు అన్న మాట ఎక్కడ చేర్చాలో, ఎవరి పేరు ముందు రావాలో ఇంటి పెద్దలను అడిగి తెలుసుకోవాలి. మేనమామను పిలవాల్సిన చోట మరిచిపోతే ఆ బాధ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆడనివాళ్లను పేరు పెట్టి లాగడం, వధువు స్నేహితురాళ్ల మీద వ్యాఖ్యలు చేయడం వృత్తి మర్యాద కాదు. వీడియో తీసేవాళ్లకు, భోజనాల వాళ్లకు, పురోహితుడికి తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలియజేసేది కూడా చాలాసార్లు డీజేనే.

వృత్తి, సీజను

పని ముహూర్తాల వెంట నడుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం నిండుగా ఉంటాయి. గురు, శుక్ర మౌఢ్యాల్లోనూ, ఆషాఢ భాద్రపదాల్లోనూ పెళ్లిళ్లు ఉండవు. తెలంగాణలో ఆషాఢపు ఖాళీని బోనాలు కొంత పూడుస్తాయి, భాద్రపదాన్ని వినాయక చవితి. బలమైన ముహూర్తం రోజు ఒకే తేదీకి ఐదారు కబుర్లు వస్తాయి. రెండు ఒప్పుకుని ఒకదానికి నేర్వని కుర్రాడిని పంపడం ఈ రంగంలో నమ్మకాన్ని పోగొడుతున్న అలవాటు. బయానా ఎంత, ఎన్ని గంటలు, జనరేటర్ డీజిల్ ఎవరిది, సహాయకుల భోజనం ఎక్కడ, వాన వస్తే పరికరాలకు ఏ ఏర్పాటు, తేదీ మారితే ఏమిటన్నవి కాగితం మీద ఉండాలి. నోటిమాట పద్ధతి ఊళ్లలో ఇంకా నడుస్తోంది, గొడవలు కూడా దాని వెంటే నడుస్తున్నాయి.

చాలామంది ఈ పని బాక్సులు మోస్తూ, తీగలు చుడుతూ నేర్చుకుంటారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో శిక్షణ సంస్థలు ఉన్నా మండపం నేర్పేది అవి నేర్పలేవు. హల్దీ, మెహందీ వేడుకలకు మహిళా డీజేలను కోరుకునే కుటుంబాలు ఉన్నాయి గానీ అర్ధరాత్రి ప్రయాణం, బరువు మోయడానికి నమ్మకమైన సహాయకులు లేకపోవడం వాళ్లను వెనక్కి లాగుతున్నాయి. పెద్ద సంస్థలు రవాణా బాధ్యత తీసుకుంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

విదేశాల్లోని తెలుగు పెళ్లిళ్లలో డీజే పాత్ర ఇంకా విస్తరిస్తుంది. అమెరికా పద్ధతిలో డీజేనే వేడుక సూత్రధారి: వధూవరుల ప్రవేశం, మొదటి నాట్యం, స్నేహితుల ప్రసంగాలు నిమిషాల వారీ పట్టిక ప్రకారం నడుస్తాయి. తెలుగు కుటుంబం ఆ పట్టికలో ముహూర్తాన్ని, సంగీత్‌ను, అక్కడ పుట్టి పెరిగిన పిల్లల హిప్‌హాప్‌ను, స్వదేశం నుంచి వచ్చిన అమ్మమ్మ అడిగే కీర్తనను కలిపి అడుగుతుంది. బ్రిటన్‌లో చాలా వేడుక మందిరాల్లో శబ్దం హద్దు దాటితే కరెంటునే ఆపేసే యంత్రాలు ఉంటాయి. డప్పు వాయించే బృందం లోపలికి వస్తే పాట లేకుండానే ఆ యంత్రం పనిచేయవచ్చు. అందుకే అక్కడి డీజేలు మందిరం చూడటానికి వెళ్లినప్పుడు ఒక డప్పును వెంట తీసుకెళ్లి, ఎంత దూరంలో నిలబడి ఎంత గట్టిగా వాయించవచ్చో ముందే తేల్చుకోవడం మంచిది.